పలకతో మొదలుపెట్టండి: మన ఊరి నుంచే భూగోళం, సైన్సు, చరిత్ర నేర్పడం ఎలా

ఒంగోలు పక్క ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లవాణ్ణి నైలు నది ఎక్కడుందని అడగండి, టక్కున చెబుతాడు. గుండ్లకమ్మ ఎక్కడ పుట్టిందని అడిగితే తెల్లమొహం వేస్తాడు. వాణ్ణి అనడానికి లేదు, మనం ఎప్పుడు చెప్పాం గనక? పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు ఊరి రాయినీ, చెరువునూ, అవ్వ మాటనూ మనమే పాఠంలోకి రానివ్వలేదు. అందుకే పిల్లలకు భూగోళమంటే గ్లోబు, సైన్సంటే ల్యాబు, చరిత్ర అంటే రాజుల పేర్లూ తేదీలూ అయిపోయాయి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల టీచర్లకూ, ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదువు చెప్పుకునే అమ్మానాన్నలకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా సరిపోతుంది. వారానికి రెండు పీరియడ్లు చాలు. జూన్‌లో మొదలుపెడితే సంక్రాంతి సెలవుల లోపు అయిపోతుంది. మూడు సబ్జెక్టులనూ విడదీయకుండా ఒకే తాడుగా పేనాలన్నది నా పట్టుదల. ఎందుకో మొదటి రోజే మీకు తెలుస్తుంది.

మొదటి రోజు: ఒక పలక ముక్క

మార్కాపురం రాతి పలక ఒకటి సంపాదించండి. రేకు పలక, ప్లాస్టిక్ పలక వద్దు. ఇప్పుడు బళ్లలో రాతి పలక కనబడటం తగ్గింది గానీ అటక మీద పాత సామానులో వెతికితే దొరుకుతుంది. మార్కాపురం వైపు నుంచి వచ్చేవాళ్లుంటే విరిగిన ముక్కలు నాలుగు తెమ్మనండి. విరిగినవే మేలు, అంచులు కనబడతాయి.

పిల్లల్ని ఐదుగురేసి కూర్చోబెట్టి ముక్క చేతికివ్వండి. ఐదు నిమిషాలు మీరేమీ చెప్పకండి. ఇది మాటల్లో తేలిగ్గానే ఉంటుంది, టీచర్లకు చాలా కష్టం. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఎక్కడిది? ఇది ఎలా అయ్యింది? దీన్ని మన చేతి దాకా ఎవరు తెచ్చారు? మొదటిది భూగోళం, రెండోది సైన్సు, మూడోది చరిత్ర. ఆ మాట పిల్లలకు చెప్పాల్సిన పనిలేదు. ప్రశ్నలు మాత్రం బోర్డు పక్కన గోడ మీద రాసి ఏడాదంతా ఉంచండి.

నేను ఇది చేయించిన తొలిసారి ఏడో తరగతి పాప ఒకతె ముక్కను చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టింది. "సార్, గిన్నె లాగా మోగతా ఉంది" అంది. ఇక అందరూ కొట్టడమే. ఒకడు బయటికి పరిగెత్తి మట్టిపెళ్ల తెచ్చాడు, అది మోగలేదు. ఇంకొకడు ఇటుక ముక్క తెచ్చాడు, అది కాస్త మోగింది. పలక ఖంగుమంది. మట్టి ఎంత నొక్కుడు పడితే రాయి అవుతుందో నేను నోరు తెరవకముందే వాళ్ల చెవులు పట్టుకున్నాయి.

జవాబు అక్కడి నుంచి అందుకోండి. వంద కోట్ల సంవత్సరాలకు పైగా కిందట, ఇప్పుడు కడప నుంచి కంభం, మార్కాపురం దాకా ఉన్న నేల సముద్రం అడుగున ఉండేది. అక్కడ సన్నటి బురద పేరుకుంది. దాని మీద మళ్లీ బురద, ఇసుక పేరుకున్నాయి. బరువుకు గట్టిపడింది. ఆ తర్వాత భూమి లోపలి కదలికలకు పక్కల నుంచి విపరీతమైన ఒత్తిడి పడి, వేడి తగిలి, బురదలోని సన్నని ఖనిజపు రేకులన్నీ ఒకే వైపుకు సర్దుకున్నాయి. పలక అంత చక్కగా రేకులుగా చీలేది అందుకే. ఇక్కడ ఒక జాగ్రత్త. చీలే ఆ రేకులే పాత బురద పొరలని చాలామంది చెప్పేస్తారు. అవి ఒత్తిడికి ఏర్పడ్డ రేకులు. మొదట్లో బురద పేరుకున్న పొరలు వేరే దిక్కున కూడా ఉండొచ్చు.

మూడో ప్రశ్నకు జవాబు గనిలో దిగి రాయి తీసినవాళ్లు, ఉలితో చీల్చినవాళ్లు, చెక్క చట్రం బిగించినవాళ్లు. రాతి ధూళి రోజూ పీల్చితే ఊపిరితిత్తులు పాడవుతాయన్న సంగతి కూడా ఇక్కడే చెప్పండి. చీమకుర్తి చుట్టుపక్కల బళ్లలో అయితే పలక బదులు గెలాక్సీ గ్రానైట్ ముక్క పట్టుకోండి. వ్యాపారంలో దాన్ని గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రం లెక్కన అది గాబ్రో జాతి రాయి. కరిగిన శిల భూమి లోతున నెమ్మదిగా చల్లారింది కాబట్టి స్ఫటికాలు పెద్దవయ్యాయి. నల్లటి రాతిలో చుక్కల్లా మెరిసేవి పైరాక్సీన్ అనే ఖనిజపు రేకులు. తండ్రి క్వారీలోనో పాలిషింగ్ యూనిట్‌లోనో పనిచేసే పిల్లవాడు క్లాసులో ఉంటే ఆ రోజు పాఠం వాడు చెబుతాడు, మీరు వినండి.

అదే వారం: మట్టి సీసాలు, మిల్లీమీటర్ల తాడు

పిల్లలు తలా గుప్పెడు తమ చేని మట్టి తెస్తారు. లీటరు సీసాలో మూడో వంతు మట్టి, మిగతాది నీళ్లు, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి బాగా కుదిపి కిటికీ దగ్గర పెట్టండి. ఇసుక ఒక్క నిమిషంలో దిగుతుంది. ఒండ్రు ఒకటి రెండు గంటల్లో దిగుతుంది. బంకమన్ను మరుసటి రోజుకు గానీ దిగదు, ఒక్కోసారి ఇంకా ఆలస్యం. సీసా మీద పెన్నుతో గీతలు గీయించండి. కొత్తపట్నం వైపు పిల్లవాడి సీసా నిండా ఇసుకే ఉంటుంది. నల్లరేగడి తెచ్చిన పిల్ల సీసా మూడో రోజుకూ మురికిగానే ఉంటుంది. ఎవరి చేలో నీళ్లు నిలుస్తాయో, ఎవరి చేలో ఇంకిపోతాయో వాళ్లే చెబుతారు. అడుగున దిగిన ఆ బంకమన్ను పొరను చూపించి, పలక మొదట్లో ఇలాగే ఉండేదని చెప్పండి.

వంద కోట్ల సంవత్సరాలంటే పిల్లలకే కాదు, మనకూ తలకెక్కదు. దానికి నేను వాడే కొలత ఒకటే: ఏడాదికి ఒక మిల్లీమీటరు. రెండు మీటర్ల తెల్ల తాడు గోడకు బిగించి ఈ రోజు నుంచి వెనక్కి కొలవండి. పన్నెండేళ్ల పాప వయసు 12 మిల్లీమీటర్లు, వేలి గోరంత. 1970లో ఏర్పడ్డ ఒంగోలు జిల్లా, అంటే ఇప్పటి ప్రకాశం జిల్లా, ఐదున్నర సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. కృష్ణదేవరాయలు ఉదయగిరి కోట పట్టుకున్న 1514 అర మీటరు దాటాక వస్తుంది. నెల్లూరులో మనుమసిద్ధి దగ్గర తిక్కన ఉన్న కాలం ముప్పావు మీటరు. తెలుగులో పద్యం కనబడే తొలి శాసనాల్లో ఒకటైన పండరంగని అద్దంకి శాసనం సుమారు 848 నాటిది, అది మీటరు దాటి ఇంకో జానెడు దూరంలో ఉంటుంది. మరి పలక? "సార్, తాడు చాలదా?" అని అడుగుతారు. వంద కోట్ల మిల్లీమీటర్లను కిలోమీటర్లలోకి మార్చమనండి. వెయ్యి కిలోమీటర్లు. నెల్లూరులో రైలెక్కి విజయవాడ, విశాఖ దాటి భువనేశ్వర్ దాకా తాడు పరవాలి. ఆ లెక్క వేశాక క్లాసంతా కాసేపు మౌనంగా ఉండిపోతుంది. తొందరపెట్టకండి, ఉండనివ్వండి.

నీటి వెంట నడవండి

ఈ అడుగు అన్నిటికంటే ముఖ్యం, దీనికి నెల రోజులైనా ఇవ్వండి.

ముందు పటం గీయించాలి, అయితే దేశపటం కాదు. బడి గేటు నుంచి చెరువు దాకానో కాలువ దాకానో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిపించండి. వంద అడుగులకు ఒక సెంటీమీటరు చొప్పున తెల్ల కాగితం మీద గీస్తారు. ఉత్తరం పైన ఉండాలి. ఉదయం సూర్యుణ్ణి కుడిచేతి వైపు పెట్టుకుంటే ఎదురుగా ఉన్నది ఉత్తరం. తర్వాత బడి ఆవరణలో బకెట్ నీళ్లు గుమ్మరించి ఎటు పారుతున్నాయో చూడమనండి. పల్లం ఎటుందో పటంలో బాణం గుర్తు వేయించండి. ఆ బాణం చివర ఏ వాగు ఉంది? ఆ వాగు ఏ ఏట్లో కలుస్తుంది? ఆ ఏరు ఎక్కడ సముద్రం చేరుతుంది? ప్రతి ఊరికీ జవాబు ఉంటుంది, ప్రతి ఊరి జవాబూ వేరుగా ఉంటుంది.

నెల్లూరు వైపు అయితే చాలావరకు బాణం పెన్న దగ్గరికి తీసుకెళుతుంది. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం దాటి, కడప జిల్లాలో గండికోట దగ్గర కొండను కోసుకుని, సోమశిల దగ్గర మన వైపు వచ్చి, సంగం, నెల్లూరు మీదుగా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు. ప్రకాశం వైపు గుండ్లకమ్మ ఉంది. నల్లమలలో పుట్టి కంభం మీదుగా వచ్చి సముద్రంలో కలుస్తుంది.

చెరువు కట్ట మీదికి తీసుకెళ్లండి. కట్ట, తూము, అలుగు (చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పొర్లిపోయే చోటు, నెల్లూరు వైపు కలుజు అంటారు), ఆయకట్టు. ఈ నాలుగూ చూపించి వాటి పని పిల్లలతోనే చెప్పించండి. తూము తెరిచే మనిషి ఎవరో కనుక్కోమనండి. కలుజు కట్ట కంటే ఎందుకు తక్కువ ఎత్తులో ఉందని అడగండి. కలుజు లేకపోతే ఏమవుతుందో ఒక ట్రేలో మట్టికట్ట కట్టి నీళ్లు పోసి చూపించండి. నీళ్లు కట్ట పైనుంచి పొర్లిన చోట మట్టి కరిగి క్షణాల్లో గండి పడుతుంది. తుఫాను వచ్చినప్పుడల్లా ఊళ్లో పెద్దవాళ్లు రాత్రంతా కట్ట మీద ఎందుకు కాపలా కాస్తారో ఆ ట్రే చెప్పినట్టు ఏ పుస్తకమూ చెప్పదు.

అదే ట్రేలో కంభం చెరువు చేయండి. రెండు వైపులా మట్టితో కొండలు, మధ్యలో సందు పెట్టి, ఆ సందులో మాత్రమే చిన్న కట్ట వేయండి. ఇంత కట్టకు అంత నీరు ఆగుతుందా అని పిల్లలు ఆశ్చర్యపోతారు. గుండ్లకమ్మ కొండల మధ్య నుంచి వచ్చే చోటు చూసి విజయనగర కాలంలో కట్టింది కంభం చెరువు. కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దాన్ని అంతర్జాతీయ సాగునీటి, మురుగునీటి సంఘం వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. ఏ రాజు ఎప్పుడు పాలించాడన్నదాని కంటే, యంత్రాల్లేని రోజుల్లో ఆ సందును ఎంచిన కన్ను ఎలాంటిదో పిల్లలకు తెలియడం నాకు ముఖ్యం.

కనిగిరి చుట్టుపక్కల బళ్లలో నీటి పాఠానికి ఇంకో ముఖం ఉంది. అక్కడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. కొన్ని రాళ్లలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు ఏళ్ల తరబడి ఆ రాళ్ల మధ్య నిలిచి దాన్ని కరిగించుకుంటుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు చేటు. ఈ పాఠం చెప్పేటప్పుడు గారపళ్ల పిల్లల వైపు చూడకండి, ఉదాహరణగా అసలు చూపించకండి. రాయి గురించి, నీటి గురించి చెప్పండి. వాళ్లంతట వాళ్లు అడిగితే, వాళ్ల తప్పేమీ లేదని అందరి ముందూ స్పష్టంగా చెప్పండి.

వాన లెక్క

పాఠ్యపుస్తకంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం. మన పిల్లలు అదే రాసి మార్కులు తెచ్చుకుంటారు. నెల్లూరు రైతును అడగండి, ఆయన అక్టోబరు కోసం ఎదురుచూస్తుంటాడు. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం మీదుగా వచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే నెల్లూరుకు ఏడాది వానలో పెద్ద వాటా పడుతుంది. అందుకే అక్కడ పెద్ద పంట ఆ వానలతో మొదలై వేసవి ముందు కోతకొస్తుంది.

ఇది పుస్తకం చూసి చెప్పేది కాదు, కొలవాల్సింది. పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఒకటి తీసుకోండి. బడి ఆవరణలో చెట్టుకు, గోడకు దూరంగా పెట్టి ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో కొలిపించండి. నీటి ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లో, వాన అన్ని మిల్లీమీటర్లు. జూన్ నుంచి డిసెంబరు దాకా గోడమీద గళ్ల కాగితం అంటించి రోజూ ఒక గడి నింపించండి. నవంబరు వచ్చేసరికి గీతలు పైకి లేస్తాయి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టుకు గూడబాతులు, పులికాట్‌కు రాజహంసలు ఆ నెలల్లోనే ఎందుకొస్తాయో అప్పుడు అడగండి. వాన పడితే చెరువుల్లో నీరు, నీళ్లలో చేపలు, చేపలుంటే పక్షులు. గళ్ల కాగితం ముందు నిలబడి పిల్లలే చెబుతారు.

నీడతో భూమిని కొలవడం

ఆగస్టు రెండో వారంలో మన జిల్లాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఒంగోలులో పదో తేదీ అటూఇటూగా, నెల్లూరులో మూడు రోజులు ఆలస్యంగా. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఇంకోసారి వస్తుంది గానీ అప్పుడు సెలవులు. పన్నెండుంపావు ప్రాంతంలో నిటారుగా పెట్టిన సీసాకు నీడ ఉండదు. మబ్బు పట్టొచ్చు కాబట్టి వరసగా నాలుగు రోజులు ప్రయత్నించండి.

ఇదే నీడతో డిసెంబరు 22న ఇంకా పెద్ద పని చేయొచ్చు. నెల్లూరు, ఒంగోలు దాదాపు ఒకే రేఖాంశం మీద, 80 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఉత్తర దక్షిణాలుగా సుమారు 117 కిలోమీటర్ల దూరం. రెండు ఊళ్లలో తెలిసిన టీచర్లు ఇద్దరు మాట్లాడుకోండి. ఇద్దరూ సరిగ్గా మీటరు కర్రను, దారానికి రాయి కట్టి చూసి, నిటారుగా పాతాలి. నేల చదునుగా ఉండాలి. పన్నెండుకు మొదలుపెట్టి పన్నెండుంపావు దాకా రెండు నిమిషాలకోసారి నీడ చివర గుర్తు పెట్టి, అన్నిటికంటే పొట్టి నీడను రాసుకోవాలి. నెల్లూరులో సుమారు 78 సెంటీమీటర్లు, ఒంగోలులో 81 వస్తుంది. మూడు సెంటీమీటర్ల తేడా! భూమి బల్లపరుపుగా ఉంటే ఆ తేడా రాదు. పదో తరగతి త్రికోణమితి వచ్చిన పిల్లలు దాన్ని కోణంలోకి మారుస్తారు, ఒక డిగ్రీకి కాస్త పైన వస్తుంది. అంత కోణానికి 117 కిలోమీటర్లయితే 360 డిగ్రీలకు ఎంత? నలభై వేల కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది, భూమి చుట్టుకొలత అదే. సుమారు 2,200 ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో ఇదే చేశాడు. నీడ కొలవడంలో ఒక్క సెంటీమీటరు తప్పినా జవాబు మూడో వంతు తేడా వస్తుంది. తప్పు వస్తే మళ్లీ కొలవండి, జవాబు మాత్రం దిద్దకండి.

అవ్వల దగ్గరికి, తాతల దగ్గరికి

"పాతకాలం గురించి చెప్పు" అంటే ఏ అవ్వా చెప్పదు. "ఏంది నాయనా చెప్పేది, పనులు చేసుకున్నాం, బతికినాం" అని ఊరుకుంటుంది. ప్రశ్న చిన్నదిగా, పట్టుకోడానికి వీలుగా ఉండాలి. సునామీ వచ్చిన ఆదివారం నువ్వెక్కడున్నావు? కావలి దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు మన ఇంటి కప్పు ఏమైంది? నీ పెళ్లికి ఏ అన్నం వండారు? మొలగొలుకులా, వేరే వడ్లా? ఇలా అడిగితే మాటలు వాటంతట అవే వస్తాయి. ఫోన్లో రికార్డు చేసే ముందు అడగాలని, వద్దంటే మానాలని పిల్లలకు చెప్పండి.

అవ్వలు తేదీలు చెప్పరు, గుర్తులు చెబుతారు. వాటికి తేదీలు వెతకడమే చరిత్ర పని. సునామీ 2004 డిసెంబరు 26. కావలి తుఫాను 1989 నవంబరు. "ధాత కరువు" అన్న మాట ఇంకా వినబడే ఇళ్లున్నాయి. తెలుగు సంవత్సరాలు అరవైకోసారి తిరిగొస్తాయి కదా. 1996-97 ధాత అయితే అంతకు ముందు ధాత ఎప్పుడు, దానికి ముందు ఎప్పుడు అని లెక్క వేయించండి. 1936-37, ఆపైన 1876-77. మద్రాసు ప్రెసిడెన్సీని ఊపేసిన 1876-78 కరువు అదే. ఆ కరువులో ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పనిగా తీర కాలువలో కొంత భాగం తవ్వించారు. 1878లో దానికి అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ పేరు పెట్టారు. మన తీరం వెంబడి పోయే కాలువ అదే.

జిల్లా ప్రశ్న తప్పకుండా అడిగించండి: "నీ చిన్నప్పుడు మన ఊరు ఏ జిల్లా?" కందుకూరులో తాత నెల్లూరు జిల్లా అంటాడు. 1970 తర్వాత పుట్టిన నాన్న ప్రకాశం జిల్లా అంటాడు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది. మార్కాపురంలో ముత్తాత కర్నూలు జిల్లా అంటాడు, అద్దంకిలో గుంటూరు అంటాడు. ఊరు అంగుళం కదల్లేదు. కొండను, ఏటిని ప్రకృతి పెడితే, హద్దును మనుషులు పెట్టారన్న సంగతి ఇంతకంటే తేలిగ్గా చెప్పే దారి నాకు కనబడలేదు.

ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టండి. ఒకరు చెప్పిన మాట ఇంకొకరి దగ్గర కూడా విని, రెండూ రాయాలి. తేడా ఉంటే తేడా కూడా రాయాలి.

గుడి దగ్గర రాయి

మన రెండు జిల్లాల్లో పాత గుళ్ల దగ్గర శాసనాలకు కొదవ లేదు. నెల్లూరు జిల్లా శాసనాలనైతే బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చువేశారు. పూజారికి చెప్పి ఉదయం ఏడు గంటలకో, సాయంత్రం ఐదున్నరకో వెళ్లండి. ఎండ పక్కవాటుగా పడితే అక్షరాలు లేచి కనబడతాయి. నీడలో ఉంటే పక్క నుంచి టార్చి వేయండి. సుద్ద రుద్దడం, నూనె పూయడం, గీకడం ఎవరినీ చేయనివ్వకండి. చదవడం రాకపోయినా ఫరవాలేదు. పైన చెక్కిన సూర్యుణ్ణి, చంద్రుణ్ణి చూపించండి. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ దానం చెల్లాలని దాని అర్థం. ఎవరు, ఏమి ఇచ్చారు, ఎందుకు రాతి మీద రాయించారు? పిల్లలు తమ ఇంటి పట్టాదారు పాసుపుస్తకం గుర్తు చేసుకుంటారు, సరిగ్గానే గుర్తు చేసుకుంటారు.

గ్లోబు ఇప్పుడు తీయండి

గ్లోబును చివరికి ఉంచింది ఇందుకే. ఇప్పుడు పిల్లల చేతిలో ఊరు ఉంది, దాన్ని పట్టుకుని ప్రపంచంలోకి వెళ్లొచ్చు. ఎర్ర దారం, పచ్చ దారం తెచ్చుకోండి. ఒంగోలు నుంచి బ్రెజిల్‌కు ఎర్ర దారం వేయండి. అక్కడికి ఓడల్లో వెళ్లిన మన ఒంగోలు జాతి పశువుల సంతతినే అక్కడ "నెలోరె" అంటారు. అది నెల్లూరు పేరే. బ్రెజిల్ మాంసపు పశువుల్లో అధికభాగం ఆ జాతే. 1960ల మొదట్లో వెళ్లిన ఒక ప్రసిద్ధ ఆంబోతు పేరు కరవది, ఒంగోలు పక్క ఊరి పేరు.

పచ్చ దారాలు అటు నుంచి ఇటు వేయండి. ప్రకాశం పొగాకు అమెరికా ఖండాల మొక్క. మిరప కూడా అక్కడిదే. నెల్లూరు చెరువుల్లో పెంచే వనామి రొయ్య మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరంలో పుట్టిన జాతి. మన దేశంలో దాని పెంపకానికి 2009లో అనుమతి వచ్చింది. ఇంట్లో చెరువున్న పిల్లవాడు ఆ తీరం మీద వేలు పెట్టి చూసుకుంటాడు, ఇక వాడికి పెరూ పరాయి దేశం కాదు.

బయటికి తీసుకెళ్లేటప్పుడు

ఒకప్పుడు నలభై మందికి పైగా పిల్లల్ని బస్సులో ఒక్క రోజులో ఐదు చోట్లకు తిప్పాను. మంచినీళ్లు చాలినన్ని పెట్టుకోలేదు. మధ్యాహ్నానికి ఒక పిల్లకు వడదెబ్బ తగిలి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ పిల్ల కోలుకునేదాకా నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేదు. తిరిగొచ్చాక చూసింది రాయమంటే అందరూ గైడులో ఉన్న నాలుగు వాక్యాలే రాశారు. అప్పటి నుంచి ఒకే చోటు, రెండు గంటలు, ఉదయం పదిన్నర లోపు తిరుగు ప్రయాణం. తలా లీటరు నీళ్లు, పదిమందికి ఒక పెద్దమనిషి, తల్లిదండ్రుల సంతకం, హెడ్‌మాస్టరు అనుమతి ఉండాల్సిందే.

కొండ వైపు అయితే భైరవకోన మంచి చోటు. ఒకే కొండను తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కన జలపాతం ఉన్నాయి. ఉలి దెబ్బలు వెతకమనండి. సముద్రం వైపు అయితే మైపాడు, కొత్తపట్నం ఉన్నాయి. అక్కడ చీలమండ దాటి నీళ్లలోకి ఒక్కరినీ దిగనివ్వకండి, అల వెనక్కి లాగే బలం పైకి కనబడదు. గవ్వలు చూసి, గీసి, అక్కడే వదిలేయాలి. చెరువు దగ్గరైనా కట్ట లోపలి వైపుకు వెళ్లనివ్వొద్దు.

పుస్తకం

అందరికీ కలిపి ఒకే పెద్ద లాంగ్‌నోట్ పెట్టండి. ప్రతి పేజీ మీద తేదీ, చోటు, రాసిన పిల్ల పేరు ఉండాలి. అక్షర దోషాలు దిద్దండి గానీ మాట మార్చకండి. "మోగతా ఉంది" అని రాస్తే అలాగే ఉంచండి. మార్కులు వేయాల్సి వస్తే, ఎన్ని జవాబులు రాశారని కాకుండా ఎంత దగ్గరగా చూశారన్నదానికి వేయండి.

చివరి నాలుగు పేజీలు జవాబు దొరకని ప్రశ్నలకు వదిలేయండి. మా పుస్తకంలో ఒక పిల్లవాడు రాసిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది: "మా చెరువు కట్ట వేసింది ఎవరు? రాజు పేరు కాదు, మట్టి మోసినవాళ్ల పేర్లు." వచ్చే జూన్‌లో కొత్త క్లాసుకు ఆ పేజీ తెరిచి చూపించి, పలక ముక్కలు చేతికివ్వండి.